పాట ఆగిన చోటే పొగ

అలారం అరవగానే షెడ్డులో ఆడవాళ్లందరూ ఒళ్లో కాయలు దులిపేసి లేచారు. లేచినవాళ్లు బయటి వాకిలి వైపు పోవాలి కదా, పోలేదు. ఉయ్యాలల గదిలోకి పరుగెత్తారు. ఆ గదికి ఉన్నది ఒకటే గుమ్మం, అదీ ఇరుకు. బిడ్డ కోసం లోపలికి పోయేవాళ్లు, బిడ్డను చంకనేసుకుని బయటికి వచ్చేవాళ్లు అందులో ఇరుక్కుపోయారు. ఒకామె గాజులు చిట్లాయి. ఇంకొకామె జడ ఎవరి చేతికో చిక్కింది. ఏడుపులు, తిట్లు. నిజంగా మంటే వచ్చి ఉంటే ఆ గుమ్మంలోనే అందరం మసైపోయేవాళ్లం.

మంట లేదు. గది పక్కన హమాలీ ప్రభు టిక్కీలు విప్పి కాయ కుమ్మరించాడు. ఎర్ర దుమ్ము లేచింది. అంతే. ఆ రోజుకది మూడో ఉత్త కూత.

మా షెడ్డు సత్తెనపల్లి దాటాక పిడుగురాళ్ల రోడ్డు మీద ఉంటుంది. కోల్డ్ స్టోరేజీకి పోయే మిరపకాయలు ముందు మా దగ్గరికి వస్తాయి. టిక్కీ అంటే బస్తానే. అది విప్పి, కాయకు తొడిమ తీసి, తెల్లబడిన తాలు కాయ ఏరేసి, మళ్లీ కట్టడం మా పని. అందరం ఆడవాళ్లమే. పాలు తాగే పిల్లలున్న తల్లుల కోసం షెడ్డు చివర ఒక గది ఉంది. దూలానికి చీరలు కట్టి ఉయ్యాలలు వేశారు. ఆ గది ఎవరి దయ వల్లా రాలేదు. రోడ్డు మీద కూర్చుని తెచ్చుకున్నాం. గదికి అవతలి గోడ ఖాళీ గోనెల గోడౌను. గోనెలు అంటుకుంటే ముందు పొగ దూరేది పిల్లల మీదికే. అందుకని గది కప్పుకు పొగ అలారం ఉండాల్సిందేనని పట్టుబట్టింది నేను. నెగ్గాం. నెగ్గి తెచ్చుకున్నదాన్ని మా ఆడవాళ్లే ఇప్పుడు తిడుతున్నారు. ‘అరుపుల గిన్నె’ అని దానికి పేరు.

మేనేజరు రాఘవులు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

“చూడు సంతోషమ్మా, ఇది నేనడిగిన అలారమా? నువ్వడిగిందే. లారీ వచ్చి నిలబడుంది. మీరు పిల్లల్నేసుకుని ఎండలో నిలబడుండారు. ఓనరుగారు నన్ను తిడతన్నారు.”

“అయితే బాగు చేయించండి రాఘవులుగారూ.”

“బాగు చేసేదేంది? కారం ఉన్నచోట దుమ్ము లేవకుండా ఉంటదా? అలారం పీకేద్దామంటే ఇన్సూరెన్సోళ్లు ఒప్పుకోరు. అందుకని గది తీసేస్తా. అక్కడ పిల్లలు లేకపోతే అది ఎంత అరిచినా మీరిట్టా ఎగబడరు. ఇంకొక్క ఉత్త కూత కూసిందంటే గదికి తాళం. చెప్పలేదనేరు.”

“పిల్లల్ని ఎక్కడ పెట్టమంటారు?” అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఖుర్షిదా అది. చంకలో కూతురు ముబీనా గుక్కపట్టి ఏడుస్తోంది.

“ఇంటి దగ్గర.”

“ఇంటి దగ్గర ఎవరుండారు సార్, గోడలు తప్ప?”

రాఘవులు వినకుండా పోయాడు.

ఖుర్షిదా సంగతి నాకు తెలుసు. మొగుడు పిడుగురాళ్లలో సున్నపు బట్టీ దగ్గర పనిచేస్తాడు. తల్లి లేదు, అత్త లేదు. గదికి తాళం పడితే ఆమె పనికి తాళం పడ్డట్టే. మిగతా తల్లులు ఏ ముసలమ్మనో బతిమాలుకుంటారు. ఖుర్షిదాకు బతిమాలుకోవడానికి కూడా మనిషి లేదు.

మర్నాడు అలారం ఒక్కసారీ అరవలేదు. ప్రభు వరసగా టిక్కీలు కుమ్మరించాడు. దుమ్ము మోకాలెత్తు లేచింది. అయినా కిక్కురుమనలేదు. అందరూ సంతోషపడ్డారు. నాకు మాత్రం అనుమానమొచ్చింది. గదిలోకి పోయి తలెత్తి చూశాను.

కప్పుకు వేలాడే తెల్లటి గిన్నెకు గులాబీ రంగు ఊలు కుల్లాయి తొడిగి ఉంది. చెవుల దారాలు ముడేసి మరీ ఉన్నాయి. ముబీనా కుల్లాయి.

“ఖుర్షిదా! ఏందే ఇది? దానికి చలేస్తందా?”

“మెల్లగా అక్కా. పిల్ల లేచుద్ది.”

“లేవనీ. అందరూ లేవాలనే దాన్ని పెట్టించింది.”

“నువ్వు పెట్టించావు, పనీపాటా ఆపించావు. అది నోరు మూసుకుంటే గదుంటది. గదుంటే నా పనుంటది. ఏం తప్పు చేశానో చెప్పు.”

“పొగొస్తే?”

“పొగొస్తే మనకు తెలవదా? ముక్కులు లేవా మనకి?”

“మేనేజరు చూస్తే?”

ఆమె నేల చూసింది. “నిన్న సందేళే చూశాడక్కా. చూసి నవ్వి పోయాడు.”

నాకు ఒళ్లు మండిపోయింది. కుల్లాయి తొడిగింది ఈ పిచ్చిది, సుఖపడేది వాడు. అలారం కప్పుకు ఉంటుంది, ఇన్సూరెన్సు వాళ్లకు కనబడుతుంది, అరవదు, లారీ ఆగదు. పిల్లలు ఏమైతే వాడికేం? స్టూలెక్కి కుల్లాయి లాగి ఆమె చేతిలో పెట్టాను. ఆమె నా వంక చూసిన చూపు, నేనే గదికి తాళం వేసినట్టుంది.

ముక్కులు లేవా అంది. లేవు. అదే నిజం. పొద్దస్తమానం మిరప ఘాటులో కూర్చున్న మనిషికి దుమ్మేదో పొగేదో తెలియదు. దగ్గు మాకు ఊపిరి లాంటిది. బయటివాళ్లు దగ్గితే ఏదో అయిందనుకుంటారు. మేం దగ్గకపోతే ఏదో అయిందనుకోవాలి.

మా అమ్మ రోజుల్లోనూ ఇంతే ఘాటు, ఇంతే దగ్గు. అయినా పొగ వస్తే తెలిసేది. ముక్కుతో కాదు. పాటతో.

అప్పటి షెడ్డు వేరు. తాటాకు కప్పు, మట్టి నేల, నాలుగు పక్కలా గాలి. చుట్టూ కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయ, అది దాటితే పత్తి చేలు. బడి లేని రోజున నేను కూడా అమ్మ పక్కన కూర్చుని తొడిమలు తీసేదాన్ని. సాయంత్రం వేళ్లు మంటపుడుతుంటే అమ్మ చల్లలో ముంచి కూర్చోబెట్టేది. ఆ మంట కూడా ఇప్పుడు తలుచుకుంటే ఎందుకో బాగుంటుంది. బుద్ధి లేని మనసు.

షెడ్డు వాకిట్లో క్రీస్తుదాసు తాత ఉండేవాడు. మా చర్చిలో గంట కొట్టేవాడు ఆయనే. కళ్లకు పొరలొచ్చాయి, పనికి పనికిరాడని షెడ్డు యజమాని ఆయన్ని వాకిట్లో కాపలా కూర్చోబెట్టాడు. చూపు లేనివాడిని కాపలా పెట్టడం ఏమిటని ఊరంతా నవ్వింది. ఆయన పక్కన కొయ్యకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది, చేతిలో సుత్తి. పొగ వస్తే కొట్టాలి.

లోపల ఆడవాళ్లు పాడేవాళ్లు. మా అమ్మ రాహేలమ్మ అందుకునేది, మిగతావాళ్లు తిప్పేవాళ్లు. పాట బాగుండేదా అంటే ఏం బాగు? సగం మందికి గొంతే లేదు. చర్చి రాగానికి నాట్ల మాటలు, నాట్ల రాగానికి మేస్త్రిని తిట్టే మాటలు. కట్టింది ఎవరో తెలియదు, ఎవరికి తోచింది వాళ్లు అతికించేవాళ్లు.

కాయ ఎర్రన, కన్ను ఎర్రన, కట్టిన కోక ఎర్రన
మేస్త్రి పిలిచిన మాపటేళకు మొగమే ఎర్రన ఎందుకే?

ఈ రెండో చరణం ఎవరి మీద తిరిగితే వాళ్లు కాయలు విసిరేవాళ్లు.

తాత ఆ పాట వినేవాడు. మేం పనిలో పాడుకునేవాళ్లం, ఆయనకు ఆ పాట వినడమే పని. దుమ్ము తగిలిన మనిషి ఆగి, దగ్గి, ఉమ్మి, మళ్లీ పాటలో కలుస్తుంది. పొగ తగిలిన మనిషి కలవదు. కాసేపటికి ఆమె పక్క గొంతు కూడా ఆగుతుంది. తర్వాత ఆ పక్కది. ఆగడం నడిచి వస్తుంది. అది నడవడం వినబడితే తాత సుత్తి ఎత్తేవాడు. ఒక్క గొంతు ఆగితే మాత్రం ఎత్తేవాడు కాదు. “ఒక్క గొంతు సాక్ష్యం చెల్లదమ్మా, దగ్గయి ఉంటది” అనేవాడు.

ఒకరోజు నిజంగానే నడిచింది. ఎవరో బీడీ పారేశారు, గోనెల కుప్ప లోపల్లోపల రాజుకుంది. మంట కనబడలేదు, మాకెవరికీ ఏమీ తెలియలేదు. కుప్ప దగ్గర కూర్చున్నవాళ్ల పాట ఆగింది, తర్వాతి వరస ఆగింది, అమ్మ గొంతు ఇంకా సాగుతూనే ఉంది. తాత పట్టా మీద కొట్టాడు. ఆ మోత నాకిప్పటికీ పళ్లలో ఉంది.

అప్పుడు చూశాను ఆడవాళ్లు ఎట్లా లేచారో. అక్కడా ఉయ్యాలలు ఉండేవి, వాసాలకు కట్టినవి. కానీ ఎవరూ తమ బిడ్డ కోసం పరుగెత్తలేదు. ఎవరికి ఏ ఉయ్యాల దగ్గరైతే అందులో బిడ్డను ఎత్తుకుని బయటపడ్డారు. అది ఆ షెడ్డు కట్టుబాటు. దగ్గర ఉయ్యాల బిడ్డే నీ బిడ్డ. ఎదురుబొదురు పరుగుల్లేవు, తోపులాట లేదు. మా అమ్మ చేతిలో ఎవరిదో ఆడపిల్ల. ఉయ్యాల్లో ఉండాల్సిన నా తమ్ముడు ఏడని చూస్తే, కళ్లం గట్టు మీద రమణమ్మ ఒళ్లో కూర్చుని హాయిగా పాలు తాగుతున్నాడు. మా పేట బిడ్డ ఊళ్లోవాళ్ల కోడలి రొమ్ము తాగాడని రమణమ్మ అత్త ఆ సాయంత్రం వీధికెక్కింది. రమణమ్మ అప్పటికి నిండా పడుచుపిల్ల. “మంటకు లేని పట్టింపు నాకెందుకత్తా?” అంది. ఆ ఒక్క మాట కోసం ఆమె అంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

ఆ షెడ్డు పోయింది. తాత పోయాడు. అమ్మ పోయింది. రైలు పట్టాను పాత ఇనుము కింద అమ్మేశారు. ఇప్పుడు మా షెడ్డులో పాట లేదు. ఎవరి చెవిలో వాళ్లకు ఫోను తీగలు. పక్కనామె దగ్గినా వినబడదు.

కుల్లాయి లాగేశాను సరే, మరి గది? ప్రభును బతిమాలి టిక్కీలు గదికి దూరంగా కుమ్మరించేట్టు చేశాను. అలారం మీద అంటించిన నంబరుకు ఫోన్ చేశాను. రేపు పంపిస్తాం, ఎల్లుండి పంపిస్తాం అన్నారు. “మనిషిని పంపుతారా, మా ఆడవాళ్లందరినీ పిల్లలతో సహా మీ ఆఫీసుకు పంపమంటారా?” అన్నాను. మనిషి వచ్చింది.

ఆ మనిషి ఒక అమ్మాయి. భానుశ్రీ అని, మంగళగిరి నేతగాళ్ల ఇంటి పిల్ల. గుంటూరులో ఉద్యోగం. స్కూటీ మీద సంచి వేసుకుని వచ్చింది. స్టూలెక్కి గిన్నె విప్పి కాగితం మీద దులిపింది. ఎర్రటి కారం కుప్ప పడింది.

ఇప్పుడు మా షెడ్డులోనే పనిచేస్తున్న రమణమ్మ గడ్డం మీద వేలేసుకుంది. “కడుపు నిండా కారం తిని అరవక ఏం చేసుద్ది? దానికి కాస్త మజ్జిగ పోయండే.”

భానుశ్రీ నవ్వి ఆ గిన్నె లోపలిది చూపించింది. నల్లటి చిన్న గూడు, మలుపులు మలుపులుగా. వెలుతురు దూరదు, గాలి దూరుతుంది.

“ఇక్కడొక దీపం ఉంది అక్కా. ఇక్కడొక కన్ను. దీపం వెలుగు తిన్నగా కంట్లో పడకుండా పక్కకు పెట్టారు. మామూలుగా కన్నుకు ఏమీ కనబడదు. పొగ లోపలికొస్తే ఆ పొగ మీద వెలుగు పడి చెదురుతుంది. కొంత కంట్లో పడుతుంది. పడగానే అరుస్తుంది.”

“కారం వచ్చినా వెలుగు చెదురుద్దిగా?” అన్నాను.

“చెదురుతుంది. దీనికి తేడా తెలియదు. ఒక్క కన్నుది కదా. ఇది ఆఫీసు గదులకు బాగుంటుంది. మీ దగ్గర పెట్టాల్సింది కాదు.”

“మరి పెట్టినోళ్లకు తెలవదా?”

“చవకని పెట్టి ఉంటారు అక్కా. మా వాళ్లే పెట్టారు, కాదనను.”

అబద్ధం చెప్పనందుకు ఆ పిల్ల నాకు నచ్చింది.

“తేడా తెలిసేది ఉందా?” అని ఖుర్షిదా అడిగింది. కుల్లాయి లాగేసినప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. ఇప్పుడు కూడా నన్ను కాదు, భానుశ్రీనే అడిగింది.

“ఉంది. అందులో రెండు రకాల వెలుగు ఉంటుంది. ఒకటి నీలం, ఇంకొకటి మన కళ్లకు కనబడనిది. పొగ రేణువులు బాగా సన్నం. అవి నీలం వెలుగును ఎక్కువ చెదరగొడతాయి. కారం రేణువు వాటి పక్కన బండరాయి లెక్క. రెండు వెలుగుల్నీ ఇంచుమించు ఒకేలా చెదరగొడుతుంది. ఆ తేడా చూసుకుంటుంది. అదొక్కటే నమ్మదు. గోనె రాజుకుంటే వాసన లేని విషగాలి ఒకటి పుడుతుంది, కారంలో అది ఉండదు. దాన్ని పట్టే ముక్కు కూడా ఉంటుంది. ఒకటి అనుమానపడితే కాసేపు ఆగుతుంది. దుమ్మయితే లేచి సర్దుకుంటుంది. పొగయితే తగ్గదు, పెరుగుతుంది. కన్నూ ముక్కూ రెండూ అవునంటేనే అరుస్తుంది.”

నేను రమణమ్మ వంక చూశాను. రమణమ్మ నా వంకే చూస్తోంది.

“మన తాతే గదే” అంది.

భానుశ్రీకి తాత సంగతి చెప్పాం. ఒకళ్లు చెబుతుంటే ఇంకొకళ్లు లాక్కుని చెప్పాం. ఆ పిల్ల పని మానేసి స్టూలు మీద కూర్చుని విన్నది. “మా నాన్న కూడా అంతే అక్కా. పక్కింట్లో మగ్గం చప్పుడు విని పోగు తెగిందని అరుస్తాడు” అంది.

కొత్త అలారానికి ఓనరును ఎట్లా ఒప్పించామనేది పెద్ద కథ. ధర్నా అనే మాట వాడాల్సి వచ్చింది, అంత చాలు. రాఘవులు మాత్రం తన పట్టు వదల్లేదు.

“రెండు పరీక్షలు పెడతా. టిక్కీలు కుమ్మరిస్తా, అరవకూడదు. గోనె ముక్క రాజేస్తా, అరవాలి. ఏది తప్పినా గదికి తాళం. ఇంక నాతో పోట్లాటలొద్దు సంతోషమ్మా.”

“సరే. పిల్లల్ని బయటికి తెచ్చాకే మీ పొగ.”

“అట్టాగే.”

పరీక్షకు ముందు రోజు పని దిగేటప్పుడు నేను అందర్నీ కూర్చోబెట్టి పాత కట్టుబాటు చెప్పాను. అలారం మోగితే దగ్గర ఉయ్యాల బిడ్డను ఎత్తుకుని బయటికి. సొంత బిడ్డ కోసం అడ్డంపడి పోవద్దు. రమణమ్మ నా తమ్ముడి పాల సంగతి చెప్పి నవ్వించింది. అందరూ తలూపారు. ఖుర్షిదా ఊపలేదు.

“నా బిడ్డనొదిలి ఇంకో బిడ్డనెత్తుకుని బయటికి రావాలా? నా వల్ల కాదక్కా. ముందే చెప్తన్నా.”

నేను ఆమెను తిట్టలేదు.

భానుశ్రీ పొద్దున్నే వచ్చి కొత్తది బిగించింది. పిల్లల్ని చెట్టు కింద పడుకోబెట్టాం. ప్రభు గది గోడకు ఆనించి టిక్కీ మీద టిక్కీ కుమ్మరించాడు. దుమ్ము ఎర్రటి తెరలాగా లేచి గదిలోకి పోయింది. మేమంతా పని చేస్తూ, దగ్గుతూ, గిన్నె వంకే చూస్తున్నాం. ఎవరికీ ఊపిరాడటం లేదు. అప్పుడు రమణమ్మ, ఆ ముసలి గొంతుతో, ఉన్నట్టుండి అందుకుంది.

“కాయ ఎర్రన, కన్ను ఎర్రన...”

నేను కలిశాను. ఎవరో నవ్వారు. పడుచుపిల్లలు చెవుల్లో తీగలు పీకి, “ఏందిది, మళ్లీ పాడు పెద్దమ్మా” అన్నారు. మేస్త్రి అన్నచోట మేనేజరని అతికించింది ఒకతి. రాఘవులు విననట్టు నిలబడ్డాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. పాట దగ్గుతో తెగుతోంది, అతుక్కుంటోంది, పోతూనే ఉంది. ఎన్నాళ్లకో. అమ్మ గొంతు లేదు గానీ, అమ్మ వదిలిన చోటు ఉంది. ఆ చోట నేను పాడాను.

దుమ్ము సర్దుకుంది. అలారం అరవలేదు.

“ఒకటయింది” అన్నాడు రాఘవులు. “రెండోది కూడు తిన్నాక.” ప్రభుకు ఏదో చెప్పి వెళ్లిపోయాడు.

మేం తిని, పిల్లలకు పాలిచ్చి ఉయ్యాలల్లో వేశాం. ఎండ ముదిరింది, చెట్టు నీడ తప్పుకుంది, బయట ఉంచలేం. పొగ పెట్టే ముందు చెబుతారు కదా, అప్పుడు తెచ్చుకోవచ్చు అనుకున్నాం. పనిలో కూర్చున్నాం. పాట మళ్లీ మొదలైంది, ఈసారి ఎవరూ అడగకుండానే. భానుశ్రీ నా పక్కన కూర్చుని తొడిమ తీయడం నేర్చుకుంటోంది, వేళ్లు ఊదుకుంటూ.

గోడ పక్క వరసలో ఒక గొంతు ఆగింది. దగ్గు అనుకున్నాను. దాని పక్క గొంతు ఆగింది. ఆ రెండూ మళ్లీ కలవలేదు. మూడోది ఆగింది.

నా చేతిలో కాయ జారిపోయింది. ఆగడం నడుస్తోంది.

అప్పుడే అలారం అరిచింది.

ఒక్కరు కూడా లేవలేదు. “వచ్చిందే మేనేజరు పరీక్ష!” అని ఎవరో అన్నారు. నవ్వులు. భానుశ్రీ నా మోచెయ్యి పట్టుకుంది. “మనకు చెప్పలేదు కదక్కా? ఆయన ఇంకా రానే లేదు.”

“పరీక్ష కాదే! లేవండి!” అని అరిచాను. నా అరుపు, ఆ గిన్నె అరుపు, రెండూ కలిశాయి. లేచారు.

మళ్లీ అదే గుమ్మం. ముందు చేరింది ఖుర్షిదా. ఆమె వెనక అందరూ. గోడ పగుళ్లలోంచి సన్నటి పొగ గదిలోకి వస్తోంది. గుమ్మం పక్క ఉయ్యాల్లో రమణమ్మ మనవడు. ముబీనా ఉయ్యాల ఆ చివర మూలన. ఖుర్షిదా గుమ్మంలో నిలబడిపోయింది. ఆమె నిలబడితే గుమ్మం మూసుకుపోయినట్టే. ఆమె మూలకు పరుగెత్తినా, ఎవరి మూలకు వాళ్లు పరుగెత్తినా, మళ్లీ అదే ముడి.

“దగ్గర ఉయ్యాల!” రమణమ్మ వెనక నుంచి అరిచింది. “ఖుర్షిదా! నీ బిడ్డ నా బాధ్యతే! దగ్గర ఉయ్యాల!”

ఖుర్షిదా మూల వంక ఒక్క చూపు చూసింది. ఆ చూపు నేను చూశాను, దాని గురించి రాయలేను. తర్వాత వంగి పక్క ఉయ్యాల్లో మగబిడ్డను లాగి గుండెకు అదుముకుని బయటికి పరుగెత్తింది. గుమ్మం ఖాళీ అయింది. లోపలికి పోయినవాళ్లు పోయినట్టే, వరసగా, చేతికందిన బిడ్డతో తిరిగి వచ్చారు. ఒక్కరూ తగులుకోలేదు. చివర రమణమ్మ వచ్చింది, భుజాన ముబీనాతో.

జరిగింది ఇదీ. మేనేజరు ప్రభుతో, గోనె ముక్క పెనంలో రాజేసి ఉంచు, భోంచేసి వస్తాను అన్నాడు. బయట పెడితే గాలికి ఆరిపోతుందని ప్రభు ఆ పెనాన్ని తీసుకుపోయి ఖాళీ గోనెల గోడౌనులోనే పెట్టి, తను తినడానికి పోయాడు. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియలేదు నాకు. పొగ అలారం పరీక్ష కోసం పొగ తయారుగా ఉంచాడట!

ప్రభు, లారీవాళ్లు, పరుగెత్తుకొచ్చిన రాఘవులు నీళ్ల డ్రమ్ములు దొర్లించి, గోనెలు బయటికి ఈడ్చి తొక్కారు. మంట లేవకముందే అణిగింది. కుప్ప లోపల మాత్రం ఎర్రగా, మెత్తగా రాజుకుని ఉంది. ఇంకాసేపు ఆగి ఉంటే ఏమయ్యేదో రాఘవులుకు కూడా తెలుసు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“రెండో పరీక్ష అయినట్టేనా రాఘవులుగారూ?” అన్నాను.

ఆయన గది వంక చూశాడు. “తాళం మాట ఎత్తను లేమ్మా. ఆ గదికి ఇంకో గుమ్మం పెట్టిస్తా.”

“ఎప్పుడు?”

“ఓనరుతో మాట్లాడి...”

“ఎప్పుడు?”

“రేపు మేస్త్రిని పిలుస్తా. ఇంక వదిలెయ్ తల్లీ.”

భానుశ్రీ లోపలికి పోయి అలారం ఆపింది. ఆగగానే, మధ్యాహ్నపు ఎండలో, షెడ్డు ముందు కళ్లంలో ఆరబోసిన కాయల పక్కన, ఆడవాళ్లు పిల్లల్ని మార్చుకోవడం మొదలుపెట్టారు. “ఇది నాదే, ముక్కు చూడు.” “నీదయితే ఇంత నలుపెందుకుంటదే?” “ఒసే, వీడు నా చీర తడిపాడు, ఉతికి ఇవ్వు.” నవ్వులు, ఏడుపులు, మళ్లీ నవ్వులు. చిన్నప్పుడు కళ్లం గట్టున విన్న నవ్వులే. గొంతులు వేరు.

ఖుర్షిదా దూరంగా కూర్చుంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. రమణమ్మ ముబీనాను తెచ్చింది. పిల్ల నెత్తిన గులాబీ రంగు కుల్లాయి.

“ఉయ్యాల్లోనే ఉంటే తగిలించుకొచ్చా. ఎండగా ఉందని” అంది రమణమ్మ. “ఇదిగో నీ సొత్తు. నా మనవణ్ణి ఇటియ్యి.”

ఖుర్షిదా చెయ్యి చాచి కూతురి కాలు ముట్టుకుంది. బొటనవేలు పట్టుకుని కాసేపు అట్లాగే ఉంది. ఆ తర్వాత తన ఒళ్లోకి చూసుకుంది. అంత గోలలోనూ రమణమ్మ మనవడు ఆమె కొంగు పిడికిట పట్టుకుని నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

“కాసేపాగు పెద్దమ్మా,” అంది మెల్లగా. “ఇప్పుడే పడుకున్నాడు.”

రమణమ్మ ముబీనాను భుజాన సర్దుకుని మా పక్కన చతికిలబడింది.